మా మరదలు చెప్పే కథ

మా మరదలికి మా తమ్ముడు పెట్టిన పేరు రేడియో. పొద్దున కళ్లు తెరిచింది మొదలు రాత్రి నిద్రపోయేదాకా ఆ నోటికి విశ్రాంతి ఉండేది కాదు. పెళ్లికి ముందు బేకరీలో పనిచేసేది. రొట్టెలకు కాగితం చుట్టే గదిలో బల్ల ముందు నిలబడి, చేతులతో రొట్టెలు చుడుతూ నోటితో యజమాని దగ్గునీ మేస్త్రీ నత్తినీ గుమాస్తా ముక్కుతో మాట్లాడే మాటనీ అచ్చు గుద్దినట్టు దింపేసేది. ఆ గదిలోవాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. మా తమ్ముడు అదే బేకరీ నుంచి స్కూటరు మీద దుకాణాలకు రొట్టెలు వేసేవాడు. వెనక సీటు మీద పెట్టె కట్టుకోవడం ఎంతసేపు పని? వాడికి మాత్రం ఆ తాడు ఓ పట్టాన ముడి పడేది కాదు.

చివరికి ఒకరోజు, "అక్కా, రేడియో కొనుక్కుంటున్నానే" అన్నాడు.

"ఇంట్లో ఒకటి ఏడ్చిందిగా, మళ్లీ ఎందుకురా?" అన్నాను.

"అది ఆపితే ఆగుతుంది. ఇది ఆగదు" అన్నాడు, సిగ్గు లేకుండా ఇకిలిస్తూ.

నాకు ఆ పిల్ల నచ్చలేదు. దాచుకునే అలవాటు లేదు కాబట్టి మొహం మీదే చెప్పాను. నాది కుట్టుపని. ముందుగదిలో మిషను పెట్టుకుని వీధిలోవాళ్ల బట్టలు, బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. కొలత లేకుండా దేన్నీ ముట్టుకోను. ఆమెకు మాటలో కొలత అన్నదే లేదు. ఒక మాట అడిగితే పది మాటలు చెబుతుంది, అందులో ఆరు కల్పన. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా వదిన ముప్పాతిక మొగుడు" అని వీధంతా చెప్పుకుని తిరిగేది. నా వాటా ముందు, వాళ్ల వాటా వెనక. మధ్యలో ఉన్న తలుపుని రోజూ కోపంతో మూసేవాళ్లం, రోజూ ఏదో ఒకటి అడగడానికి తెరిచేవాళ్లం. వాళ్లకు కూతురు పుట్టాక ఆ తలుపు మూయడం మానేశాం.

ఇక గేటు సంగతి చెప్పాలి. మా ఇళ్లకూ ఊళ్లోకీ మధ్య రైలు పట్టాలు. పట్టాల మీద గేటు. గేటు పడిందంటే బండ్లు అటో బారు, ఇటో బారు. తిట్లు, హారన్లు, పడిన కడ్డీ కింద నుంచి స్కూటర్లు పక్కకు వంచి దూర్చేవాళ్లు, ఇవన్నీ మామూలే. మామూలు కానిది ఒకటుంది. అవతలి వైపు పైపుల ఫ్యాక్టరీ ఉంది. దాని యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన కారు పొద్దున మా వైపు బంగళా నుంచి బయల్దేరుతుంది. ఆ కారు గేటు దగ్గర ఆగకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు. గేటువాడికి పైవాళ్లు నోటితో చెప్పిన మాట. బంగళా నుంచి ఫోను వస్తుంది, "అయ్యగారు బయల్దేరారు" అని. ఆ తర్వాత స్టేషను నుంచి రైలు బయల్దేరిందని ఫోను వచ్చినా సరే, కారు దాటేదాకా గేటు పడదు. రైలు వచ్చేలోపు కారు దాటదా అన్నది వాళ్ల ధీమా. మా గేటుకూ సిగ్నలుకూ లంకె లేదు. గేటు ఎత్తి ఉన్నంత మాత్రాన రైలు ఆగదు, అది దాని దారిన అది వస్తుంది.

ఇందులో మా వీధివాళ్ల తెలివి కూడా ఉంది. కారు కోసం గేటు ఎత్తి ఉంచుతారని కనిపెట్టాక, జనం ఆ వేళకే బయల్దేరడం మొదలుపెట్టారు. కారు వెనకే నాలుగైదు బండ్లు బుర్రుమని దాటేవి. దానికి 'తోక పట్టడం' అని పేరు కూడా పెట్టుకున్నారు. "ఇవాళ తోక దొరికిందా?" "ఏదీ, చొక్కా గుండీ పెట్టుకునేలోపు తోక పోయింది!" ఇదీ మా వాళ్ల పొద్దుటి పలకరింపు. పెద్దాయన పుణ్యమా అని హాయిగా వెళ్తున్నాం అని మురిసిపోయేవాళ్లు. ఎంగిలి మెతుకులకు మురిసిపోయేవాళ్లను నేను చాలామందిని చూశాను గానీ, ప్రాణం పందెం పెట్టి మరీ మురిసినవాళ్లను ఇక్కడే చూశాను.

ఒక పొద్దున మా తమ్ముడు తోక పట్టాడు. కారు దాటింది. దాని వెనక రెండు బండ్లు దాటాయి. ఆ తర్వాతి బండి వాడిది. మేం వెళ్లేసరికి పట్టాల పొడుగునా రొట్టెలు పడి ఉన్నాయి. అంతకన్నా చెప్పడం నా వల్ల కాదు.

విచారణ జరిగింది. పడి ఉన్న గేటు కింద నుంచి బండి మనిషి దూరాడని తేల్చారు. ముందు దాటిన ఆ ఇద్దరూ, 'మేం వెనక్కి తిరిగి చూడలేదు' అన్నారు. అది నిజమే, చూడలేదు. గేటువాడు ఒకరోజు చీకటిపడ్డాక మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"గేటు ఎత్తే ఉందమ్మా. కారు దాటాక దించుదామని చెయ్యి వేశాను. దించేలోపే అయిపోయింది. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకండి, పిల్లలుగలవాణ్ణి" అన్నాడు.

"మా తమ్ముడికి లేరా పిల్లలు?" అన్నాను నేను. తలదించుకుని వెళ్లిపోయాడు. తర్వాత వాణ్ణి ఎక్కడికో బదిలీ చేశారు.

ఆ వెనకే మైకు సారు వచ్చాడు. రైళ్ల శాఖలో భద్రత గురించి ప్రచారం చేసే విభాగానికి అధికారి. ఎక్కడికి వెళ్లినా మైకు పెట్టించుకుంటాడు, ఇంట్లో కుర్చీలో కూర్చున్నా మైకులో మాట్లాడినట్టే మాట్లాడతాడు. తప్పు మీ ఆయనది కాబట్టి చట్టం ప్రకారం మీకు రావాల్సింది ఏమీ లేదు, కానీ మానవత్వం అనేది ఒకటుంది కదా అన్నాడు. పెద్దాయన కూడా జాలిపడ్డారట. అందుకని మా మరదలికి ఆ విభాగంలోనే ఒక పని చూశారు. పర్మనెంటు కాదు, ఏడాదికోసారి పొడిగిస్తూ పోయే పని. నారింజరంగు కోటు వేసుకుని గేట్ల దగ్గరా బడుల్లోనూ నిలబడి, తన మొగుడు గేటు కింద దూరి ఎలా పోయాడో చెప్పాలి. జనానికి బుద్ధి రావాలి.

ఆయన వెళ్లాక మా మరదలు మధ్య తలుపు దగ్గర కూర్చుంది. చంటిది ఒళ్లో నిద్రపోతోంది.

"ఏం చెయ్యను వదినా?"

"గేటు ఎత్తి ఉందని నీకు తెలుసు, నాకు తెలుసు."

"తెలుసు. తెలిసి ఏం చేసుకోను? అది పొయ్యి మీద పెడితే ఉడుకుతుందా?" అంది.

మిషను తొక్కి ఇద్దరు ఆడవాళ్లనీ ఒక పిల్లనీ సాకగలిగితే ఆ మాట అననిచ్చేదాన్ని కాదు. ఆమె పనిలో చేరింది.

మొదట్లో ఆమెకు నోరు పెగిలేది కాదు. కాగితం చూసి చదివేది, మధ్యలో ఆగిపోయేది. ఆ తర్వాత లోపలి రేడియో మెల్లగా మళ్లీ మోగడం మొదలుపెట్టింది. కాగితం పక్కన పెట్టేసింది. ఆ పొద్దున ఆయన టీ సగమే తాగి గ్లాసు కింద పెట్టాడంది. "రొట్టెలు చల్లారితే దుకాణంవాడు తిడతాడే" అన్నాడంది. గేటు దగ్గర ఎడమచేత్తో కడ్డీ పైకి నెట్టాడంది, వెనకున్న ముసలాయన "వద్దు బాబూ" అని అరిచాడంది. ఆ ముసలాయన గొంతుతోనే అనేది. రైలు కూతకు ఒక్క క్షణం ఆగి, రెండు చేతులతో చెవులు మూసుకునేది. అంతే, ఆడవాళ్లు ముక్కు చీదేవాళ్లు, మగవాళ్లు హెల్మెట్లు చూసుకునేవాళ్లు. చివర్లో చెయ్యెత్తి, "గేటు పడితే?" అని అడిగేది. "ఆగాలి!" అని పిల్లలందరూ పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాళ్లు.

వాడు టీ పూర్తిగానే తాగాడు. ఆ గ్లాసు కడిగింది నేను. ముసలాయనా లేడు, ఎడమచెయ్యీ లేదు. ఒకసారి నా ఎదురుగానే ఆ కథ చెప్పింది. ఇంటికొచ్చాక ఆమెను కడిగేశాను.

"నా తమ్ముణ్ణి రైలు ఒక్కసారే చంపింది. నువ్వు వారం వారం చంపుతున్నావు. అది చాలక వాడికి తొందరపాటు మనిషనీ వెధవ అనీ పేరు కూడా పెడుతున్నావు."

"పేరుదేముంది వదినా. పోయినవాడికి పేరు, ఉన్నవాళ్లకు కూడు. రెండూ ఇస్తామని ఎవడన్నా వస్తే చెప్పు, ఈ కోటు వాడి మొహాన కొడతా" అంది. ఆ రాత్రి నేను తిన్నది కూడా ఆమె వండిందే.

ఆమె పేరు ఊళ్లు దాటింది. ఎక్కడెక్కడి గేట్లకో పిలిచేవాళ్లు. మైకు సారుకు ఆమె కథ వల్ల పై నుంచి మెప్పు వచ్చిందట. మా గేటు మాత్రం అలాగే ఉంది. సిగ్నలుకు లంకె పెట్టలేదు, పట్టాల కింద నుంచి దారి తవ్వలేదు. ఎందుకు తవ్వుతారు? నేల తవ్వడం కష్టం, మొగుడు పోయినదాన్ని నలుగురి ముందు ఏడిపించడం తేలిక. కారు వెళ్తూనే ఉంది, తోక ఊగుతూనే ఉంది. నా మేనకోడలు పెరిగి బడికి వెళ్లడం మొదలుపెట్టింది. పక్కింటి పిల్లతో ఆడుకుంటూ ఒకసారి, "మా నాన్నకు తొందరెక్కువ, అందుకే చచ్చిపోయాడు" అని చెప్పింది, ఎవరిదో సంగతి చెప్పినట్టు. నేను నోటిదాకా వచ్చిన మాట మింగి మిషను తొక్కాను.

ఇలా జరుగుతుండగా అదే గేటు దగ్గర, అదే పొద్దుటి వేళ ఇంకొకతను పోయాడు. కుళాయిలు బిగించే పనివాడు, మా వెనక వీధిలోనే ఉంటాడు. కారు దాటింది, తోక దాటింది, తోకలో చివరివాడు దాటలేదు. గేటువాడు కొత్తవాడు, నోటిమాట మాత్రం పాతదే.

మర్నాడే మైకు సారు జీపు మా వాకిట్లో ఆగింది.

"ఆ కుళాయి అతని భార్య మొండిగా ఉందమ్మా. గేటు ఎత్తి ఉందని ఎవరో ఆమె చెవిలో వేశారు. అతను గేటు కింద దూరాడన్న కాగితం మీద సంతకం పెట్టనంటోంది. నువ్వయితే ఆ బాధ అనుభవించినదానివి. నువ్వు చెబితే వింటుంది. ఆమెకూ ఏదో ఒక దారి చూద్దాం."

మా మరదలు జీపు వైపు చూసింది.

"నీ ఉద్యోగం పర్మనెంటు చెయ్యమని పైకి రాశాను. ఇలాంటప్పుడే కదమ్మా మనిషి పనికొచ్చేది" అన్నాడు, చాలా మెత్తగా.

ఆయన జీపులో కూర్చున్నాక ఆమె నా వైపు తిరిగింది. "నువ్వూ రా వదినా" అంది. నాకు వెళ్లాలని లేదు. కానీ ఆమె ఏం చేస్తుందో చూడాలని ఉంది. నా తమ్ముడి మీద వేసిన అబద్ధాన్నే ఇంకో ఇంటికి మోసుకెళ్లి దించుతుందా, లేక నోరు విప్పుతుందా? దించితే మధ్య తలుపుకు మేకులు కొట్టేస్తానని మనసులో అనుకున్నాను. దారిపొడుగునా రేడియో మూగబోయింది.

ఒక్క గది ఇల్లు. గోడ పక్కన పైపుల ముక్కలు పొడుగు ప్రకారం సర్ది ఉన్నాయి. పనిముట్ల సంచీ మేకుకు వేలాడుతోంది. అతని భార్య చాప మీద కూర్చుని ఉంది. చిన్న వయసు. ఒకడు ఆమె ఒళ్లో పాలు తాగుతున్నాడు, ఇంకొకత్తె పైపు ముక్కలో నోరు పెట్టి ఊదుతోంది. మైకు సారు వాకిట్లోనే ఆగిపోయాడు. మా మరదలు ఆ కోటుతోనే వెళ్లి చాప అంచున కూర్చుంది.

ఆ పిల్ల తలెత్తి చూసింది. "మీరు గేటు కథ చెప్పే అక్క కదూ?" అంది.

మా మరదలు తలూపింది.

"మీ కథ నేను మూడుసార్లు విన్నానక్కా. ఒకసారి గేటు దగ్గర మా ఆయన కూడా విన్నాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ రొట్టెలాయన పెళ్లానికి ఎంత కష్టమొచ్చిందే అన్నాడు. ఆ రోజు నుంచి గేటు పడితే బండి ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకునేవాడు. వెనకవాళ్లు వెక్కిరించినా కదిలేవాడు కాదు. పని పోయినా పోనీ, రొట్టెలాయనలాగా దూరను అనేవాడు." ఒళ్లో వాణ్ణి ఇటు నుంచి అటు మార్చుకుంది. "అట్లాంటి మనిషి గేటు కింద దూరాడని రాసుకొచ్చారక్కా. మీరు చెప్పండి. మీ కథ విన్నవాడు దూరతాడా?"

మా మరదలు ఏ పక్కకు దూకుతుందోనని నేను ఆమె మొహమే చూస్తున్నాను. వాకిట్లో మైకు సారు గొంతు సవరించుకోవడం వినిపించింది.

"దూరడమ్మా" అంది మా మరదలు. "మీ ఆయన దూరలేదు. గేటు ఎత్తి ఉంది. మా ఆయనకూ ఎత్తే ఉంది."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషం అంటే సిగ్గుగా ఉంటుంది, ఒకరింట్లో శవం లేచిన మర్నాడు సంతోషమేమిటి? కానీ అదే. ఇన్నేళ్లకు నా తమ్ముడు గేటు కింద నుంచి లేచి నిలబడినట్టు అనిపించింది.

ఆ పిల్ల మాత్రం అలాగే చూస్తూ ఉండిపోయింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మెల్లమెల్లగా మారింది.

"మరి కడ్డీ ఎత్తాడన్నారు? ముసలాయన వద్దన్నాడన్నారు?"

"అబద్ధం."

"అంతా?"

"అంతా."

"గేటు ఎత్తి ఉన్నా రైలు వస్తదని మీకు తెలుసు."

మా మరదలు తలదించుకుంది.

"గేటు పడితే ఆగాలన్నారు. పడ్డప్పుడల్లా ఆగాడు. ఎత్తి ఉంటే కూడా ఆగాలని మీరెప్పుడూ చెప్పలేదక్కా." ఆ పిల్ల అరవలేదు, తిట్టలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. "ముందే చెప్పొచ్చు కదా?"

అప్పటిదాకా నేను ఆలోచించింది మా తమ్ముడి పేరు గురించి. వాడు వెధవా కాదా అన్నది. ఆ కథ విన్నవాళ్లు ఏం నేర్చుకుని ఇంటికి పోతున్నారన్నది నా బుర్రకు కూడా తట్టలేదు. పడిన గేటు ప్రమాదం, ఎత్తిన గేటు క్షేమం అని నూరిపోసింది మా మరదలు. మా గేటు దగ్గర చంపేది ఎత్తిన గేటే.

ఆమె లేచింది. వాకిట్లోకి వచ్చి కోటు విప్పింది. మడత పెట్టకుండా జీపు ముందు భాగం మీద పడేసింది.

"ఆమెకు నేను నచ్చజెప్పను. గేటు ఎత్తి ఉంది" అంది.

"ఏం మాట్లాడుతున్నావమ్మా? ఏ గేటు? ఎప్పుడు?" అన్నాడు మైకు సారు.

"రెండుసార్లూ."

ఆయనకు కోపం కూడా రాలేదు. "దుఃఖంలో ఉన్నావు. ఇంటికెళ్లి పడుకో" అన్నాడు. కోటు తీసి దుమ్ము దులిపి వెనక సీటులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత మేమిద్దరం తిరగని గడప లేదు. రైళ్ల ఆఫీసులో, 'ఇన్నేళ్లు మైకులో మీరే కదమ్మా చెప్పారు గేటు పడి ఉందని? అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?' అన్నారు. ఆమె గొంతునే ఆమె మెడకు చుట్టారు. తోకలో దాటినవాళ్ల ఇళ్లకు వెళ్లాం. ఒకడు మొహమాటపడ్డాడు, ఒకడు తలుపు తీయలేదు. మూడోవాడు మాత్రం ఉన్నమాట చెప్పాడు.

"నువ్వు గొడవ చేస్తే ఏమవుతుందక్కా? కారుకు కూడా గేటు వేస్తారు. అప్పుడు అందరం ఎండలో నిలబడాలి. పోయినవాళ్లెలాగూ పోయారు. మనకున్న ఆ కాస్త సుఖం కూడా ఎందుకు పోగొట్టడం?"

"నీ పెళ్లానికి ఆ కోటు కొలతలు ఇప్పుడే తీసుకోమంటావా?" అన్నాను నేను. వాడు మళ్లీ మా ఇంటికి బట్టలు తేలేదు.

మా మరదలు బేకరీకే తిరిగి వెళ్లింది, అదే బల్ల ముందుకు. అక్కడ ఇప్పుడున్నవాళ్లెవరికీ రేడియో అన్న పేరు తెలియదట. మౌనంగా చుట్టి మౌనంగా వస్తుంది. కూతురికి నిజం చెప్పింది. ఆ పిల్ల అంతా విని, "అయితే నాన్నకు తొందర లేదా అత్తా?" అని వచ్చి నన్నడిగింది. లేదని చెప్పాను. ఈ మొత్తం వ్యవహారంలో మాకు దక్కింది అదొక్కటే.

కుళాయి అతని భార్య సంతకం పెట్టేసిందని కొన్నాళ్లకు తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి నాలుగు దులిపి వద్దామని చెప్పుల్లో కాళ్లు పెట్టాను. మా మరదలు అడ్డం నిలబడింది. ఈలోపు ఆ పిల్లే మా ఇంటికి వచ్చింది, చంకలో చిన్నవాడితో.

"నన్నేమీ అనకండక్కా. మీరు ఇన్నేళ్లు తిన్న కూడే నేనూ తింటున్నా. మీ పాప పెద్దదయ్యాక మీకు నిజం గుర్తొచ్చింది. మావాళ్లు ఇంకా పెద్దవాళ్లు కాలేదు" అంది.

మా మరదలు ఆ పసివాడి చేతిలో ఒక రొట్టె ముక్క పెట్టింది.

బడులు తెరిచిన రోజుల్లో యూనిఫారాల మూట ఇవ్వడానికి బడికి వెళ్లాను. బరువుగా ఉందని మా మరదలు కూడా వచ్చింది. లోపల ఆవరణలో పిల్లలందరినీ బారులుగా కూర్చోబెట్టారు. మైకు సారు కుర్చీలో ఉన్నాడు. నారింజరంగు కోటు వేసుకుని కుళాయి అతని భార్య మైకు ముందు నిలబడి ఉంది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామన్నాను. మా మరదలు కదల్లేదు.

ఆ పిల్లకు చెప్పడం రాదు. చూపు నేల మీద, చేతులు కోటు అంచు మీద. తన మొగుడు గేటు కింద నుంచి దూరాడంది, రైలొచ్చిందంది. అంతే. కథ రెండు ముక్కల్లో అయిపోయింది, ఎవరికీ ఏడుపు రాలేదు. వెనక వరసలో పిల్లలు గిల్లుకుంటున్నారు. 'పాతావిడే నయం' అని ఒక పంతులమ్మ పక్కావిడతో అంది.

ఆ పిల్ల తలెత్తింది. "గేటు పడితే?" అంది.

"ఆగాలి!" అన్నారు పిల్లలు.

"గేటు ఎత్తి ఉంటే?"

పిల్లలు బిక్కమొహం వేశారు. వాళ్లకు ఆ జవాబు ఎవరూ నేర్పలేదు.

"ఎత్తి ఉన్నా ఆగాలి" అంది ఆ పిల్ల. "ముందు బండి దాటింది కదాని మీరు దాటొద్దు. ఎంత పెద్ద కారు దాటినా సరే. ఆగి, అటు చూసి, ఇటు చూసి, చెవి పెట్టి విని, అప్పుడు దాటాలి. మీ నాన్నలకు కూడా చెప్పండి. ఏదీ, గేటు ఎత్తి ఉంటే?"

"ఆగాలి!" అన్నారు పిల్లలు.

నేను మైకు సారు వైపు చూశాను. లేచి మైకు లాక్కుంటాడనుకున్నాను. ఆయన గడియారం చూసుకుంటూ, బాగుంది బాగుంది అన్నట్టు తలూపుతున్నాడు. ఆయనకు అందులో తప్పేమీ కనిపించలేదు. భద్రతకు సంబంధించిన మాటే కదా.

మా మరదలు గోడకు ఆనుకుంది.

"ఒక్క ముక్క వదినా" అంది. "కథంతా అబద్ధమే చెప్పి, చివర్లో ఆ ఒక్క ముక్క కలిపితే సరిపోయేది. ఎవరూ వద్దనేవాళ్లు కాదు. చూడు, వద్దనలేదు. దుకాణంవాడు తిడతాడన్నట్టు కల్పించాను, ముసలాయన్ని కల్పించాను, ఇన్ని కల్పించాను. ఆ ఒక్క ముక్క నాకు తట్టలేదు. చెప్పి ఉంటే వాళ్లాయన ఆగేవాడు కదా?"

ఆగేవాడు కాదులే అనాలనుకున్నాను. ఎంతైనా నా మరదలు, నా తమ్ముడి పెళ్లాం. అబద్ధమాడైనా ఆమెను కాచుకోవాల్సినదాన్ని. కానీ పడిన గేటు దగ్గర ఆగమన్నందుకే, అందరూ వెక్కిరిస్తున్నా, తాళంచెవి జేబులో వేసుకుని ఆగిన మనిషి. ఎత్తిన గేటు దగ్గర ఆగమంటే ఆగడా?

"ఆగేవాడే" అన్నాను.